ముంబయి లాంచీ ప్రయాణం గంటసేపే... కానీ సముద్రం!
గేట్‌వే, భావుచా ధక్కా రేవుల నుంచి ఆవలి ఒడ్డుకు వెళ్లేవారు తెలుసుకోవలసినవి

రాంగోపాల్‌పేట్: సెలవులు వచ్చాయంటే రాంగోపాల్‌పేట్, రాణిగంజ్, జనరల్ బజార్ ప్రాంతాల నుంచి ముంబయి యాత్రకు బయలుదేరే కుటుంబాలకు కొదవ ఉండదు. సరుకు కొనుగోలుకు వెళ్లే వ్యాపారులు సైతం పనిలో పనిగా ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకు వెళ్తుంటారు. దేవగిరి, కోణార్క్, హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లు జంటనగరాలను ముంబయితో కలుపుతున్నాయి. సిద్ధివినాయకుని దర్శనం, మహాలక్ష్మి ఆలయం ముగిశాక చివరకు అందరూ చేరేది గేట్‌వే ఆఫ్ ఇండియా వద్దకే. అక్కడి నుంచి ఎలిఫెంటా గుహలకు లాంచీ ఎక్కుతారు. లుంబినీ పార్కు నుంచి బుద్ధ విగ్రహం వద్దకు వెళ్లే బోటు వంటిదేననీ, కాకుంటే మరికొంత దూరమనీ భావించి ఎక్కేవారే అధికులు.

ఆ భావన సరికాదు. హుస్సేన్‌సాగర్ నిలకడ నీరు. గేట్‌వే ముందున్నది దేశంలోనే అత్యంత రద్దీగల నౌకాశ్రయాలలో ఒకటి. వేల కంటైనర్లు మోసే ఓడలు, చమురు ఓడలు, యుద్ధనౌకలు, చేపల పడవలు, ప్రయాణికుల లాంచీలు అన్నీ అదే నీటిని పంచుకుంటాయి. 2024 డిసెంబరు 18న మధ్యాహ్నం నాలుగు గంటల ప్రాంతంలో ఎలిఫెంటాకు వెళ్తున్న ‘నీల్‌కమల్’ అనే లాంచీని, ఇంజను పరీక్షలో ఉన్న నౌకాదళపు స్పీడ్ బోటు అదుపు తప్పి ఢీకొన్న ఘటనలో 15 మంది మరణించారు. లాంచీ ఎక్కిన వారిలో పిల్లలతో వచ్చిన కుటుంబాలే ఎక్కువ. ఆనాటి నుంచి ఈ ప్రయాణంపై యాత్రికులలో సందేహాలు మొదలయ్యాయి. వెళ్లవచ్చునా? ఏ రేవు నుంచి వెళ్లాలి? ఏమేమి చూసుకోవాలి?

రెండు రేవులు... రెండు దారులు

ముంబయిలో ప్రయాణికుల లాంచీలు ప్రధానంగా రెండు చోట్ల నుంచి బయలుదేరుతాయి. మొదటిది గేట్‌వే. ఎలిఫెంటాకు, అలీబాగ్ వైపునున్న మాండ్వాకు వెళ్లేవారు ఇక్కడ ఎక్కాలి. ఛత్రపతి శివాజీ టెర్మినస్ నుంచి రెండున్నర కిలోమీటర్ల దూరం. రెండవది మజ్‌గావ్ వద్దనున్న భావుచా ధక్కా. రేవస్, ఉరణ్ సమీపంలోని మోరా వెళ్లేవారు ఇక్కడికి రావాలి. హార్బర్ లైనులో డాక్‌యార్డ్ రోడ్ స్టేషన్ దీనికి దగ్గర. మాండ్వాకు కార్లను సైతం ఎక్కించుకుపోయే పెద్ద రో-రో నౌక 2020 నుంచి ఈ ధక్కా వద్ద నుంచే నడుస్తోంది. ముంబయి నుంచి మాండ్వాకు రోడ్డు మార్గాన వంద కిలోమీటర్లకు పైగా చుట్టు తిరగాలి. నీటి మీద గంటలో చేరవచ్చు.

ధక్కా అన్న పేరు విని మనవారు కొందరు తికమక పడుతుంటారు. మరాఠీలో ఈ మాటకు తోపు అన్న అర్థమూ ఉంది, రేవు గట్టు అన్న అర్థమూ ఉంది. భావు అని అందరూ పిలిచే లక్ష్మణ్ హరిశ్చంద్ర అజింక్య 1841లో కట్టించిన రేవు కనుక అది భావుచా ధక్కా అయింది. సెలవు దినాలలో అక్కడి రద్దీ చూసినవారికి మొదటి అర్థం కూడా తప్పు కాదనిపిస్తుంది. తెలుగులో ఢక్కామొక్కీలు తిన్నవాడు అంటాం కదా!

ముంబయి తీరం తెలుగువారికి కొత్తది కాదు. ఏడు దీవులను కలిపి నగరాన్ని నిర్మిస్తున్న కాలంలో నిజాం రాజ్యం నుంచి వలస వెళ్లిన కూలీలను కామాఠీలు అన్నారు. వారు నివసించినందుకే కామాఠీపురకు ఆ పేరు వచ్చింది. ఆ తరువాత బట్టల మిల్లులలో పనికి పద్మశాలీలు, నిర్మాణ పనులకు పాలమూరు కూలీలు వెళ్లారు. నేటికీ వర్లీ, కామాఠీపుర వంటి చోట్ల తెలుగు వినిపిస్తుంది. రేవుల వద్ద బోర్డులు మాత్రం అధికంగా మరాఠీలోనే ఉంటాయి. హిందీ చదవగలిగినవారికి ఆ లిపితో ఇబ్బంది లేదు.

ఇరుకు దారిలో ఎవరు ఆగాలి?

గట్టు నుంచి చూస్తే సముద్రం విశాలంగా కనిపిస్తుంది. పెద్ద ఓడలకు మాత్రం అది ఇరుకు సందు. నౌకాశ్రయంలో అధికభాగం లోతు తక్కువ. భారీ ఓడలు తిరగడానికి బురదను తవ్వి లోతు చేసిన కాలువ వంటి దారి ఒకటే ఉంటుంది. దీనినే ఛానెల్ అంటారు. ఇరువైపులా రంగు తేలుగుర్తులు కట్టి హద్దులు చూపుతారు. ఆ హద్దు దాటితే పెద్ద ఓడ అడుగు బురదకు తగులుతుంది. 1989లో ప్రారంభమైన న్హావా షేవా రేవుకు, అంటే జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు వెళ్లే కంటైనర్ ఓడలు ఈ దారినే రావాలి. గేట్‌వే నుంచి ఎలిఫెంటాకు వెళ్లే లాంచీ ఈ దారిని అడ్డంగా దాటుతుంది.

న్హావా షేవాకూ మన పేటకూ సంబంధం లేకపోలేదు. సనత్‌నగర్‌లోని ఇన్‌లాండ్ కంటైనర్ డిపోకు ఆ రేవు నుంచి కంటైనర్లు రైలులో వస్తాయి. రాణిగంజ్ దుకాణంలో కొన్న విదేశీ బేరింగో, మోటారు విడిభాగమో ఏదో ఒకనాడు ఆ ఛానెల్ గుండా వచ్చినదే కావచ్చు.

ఎవరికి ఎవరు దారి ఇవ్వాలన్న దానికి సముద్రంపైనా నిబంధనలు ఉన్నాయి. ఓడలు ఢీకొనకుండా 1972లో రూపొంది, 1977 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ నియమావళిలో తొమ్మిదవ నిబంధన ఇరుకు ఛానెళ్లకు సంబంధించినది. ఛానెల్‌లో వెళ్లే ప్రతి నౌకా వీలైనంతవరకు తన కుడి అంచును పట్టుకుని నడవాలి. 20 మీటర్ల కంటే తక్కువ పొడవున్న పడవలు, తెరచాప పడవలు ఆ దారి తప్ప వేరే దారి లేని ఓడలకు అడ్డు రాకూడదు. అడ్డంగా దాటేవారు పెద్ద ఓడకు ఆటంకం కలిగేలా దాటకూడదు. సులువుగా చెప్పాలంటే, రాణిగంజ్ సందులోకి ట్రాలీ లారీ వచ్చినప్పుడు స్కూటరు పక్కకు తప్పుకున్నట్లే. లారీ వెనక్కు మళ్లలేదు, స్కూటరు మళ్లగలదు.

కాకపోతే లారీకి బ్రేకులుంటాయి. ఓడకు అటువంటివి లేవు. ఇంజను ఆపినా, వెనక్కు తిప్పినా నిండు సరుకుతో ఉన్న ఓడ కిలోమీటరుకు పైగా ముందుకు సాగిపోతుంది. పైగా ముక్కుభాగం ఎత్తుగా ఉండి, దానిమీద కంటైనర్లు పేర్చి ఉన్నందున ముందున్న కొంత మేర నీరు పైనున్న కెప్టెనుకు కనిపించనే కనిపించదు. అందువల్ల లాంచీ సరంగు పెద్ద ఓడ ముందు నుంచి కాక, అది దాటిపోయాక దాని వెనుక నుంచి దాటడం పద్ధతి. ఒక్కోసారి నడి నీటిలో లాంచీ వేగం తగ్గించి ఊగుతూ నిలిచిపోతుంది. ఇంజను చెడిందని ప్రయాణికులు గాభరా పడనక్కరలేదు. అది సరంగు బాధ్యతగా చేసే పనే.

నీల్‌కమల్ ఉదంతం ఈ నిబంధనల పరిధిలోకి వచ్చేది కాదు. అక్కడ ఢీకొన్నది పెద్ద ఓడ కాదు, అదుపు తప్పిన చిన్న వేగబోటు. అయితే ప్రాణనష్టానికి సంబంధించి బయటపడిన రెండు విషయాలు ప్రతి ప్రయాణికుడూ గుర్తుంచుకోదగినవి. 84 మంది ప్రయాణికులకు, ఆరుగురు సిబ్బందికి మాత్రమే అనుమతి ఉన్న ఆ లాంచీలో నూరు మందికి పైగా ఉన్నారు. ఢీకొన్న సమయానికి లైఫ్ జాకెట్లు తొడుక్కుని లేమని బయటపడినవారు చెప్పారు. నౌకాదళం, తీర రక్షక దళం, పోలీసులతో పాటు సమీపంలో ఉన్న పోర్టు పైలెట్ బోటు, ఇతర లాంచీలవారు వెంటనే చేరుకున్నందున అనేకులు బతికి బయటపడ్డారు. రద్దీ రేవులో ప్రమాదం ఎంత దగ్గరో, సహాయమూ అంతే దగ్గర. ఆ కొద్ది నిమిషాలపాటు మనిషి నీటిపై తేలుతూ ఉండాలన్నదే అసలు సమస్య. ఘటన అనంతరం గేట్‌వే వద్ద లైఫ్ జాకెట్లను తప్పనిసరి చేశారు.

మరువరాని రామ్‌దాస్

ముంబయి కొంకణ వాసులు ఈ నీటిని తేలికగా తీసుకోరు. అందుకు కారణం 1947 జులై 17. ఆషాఢ అమావాస్య పండుగకు సొంతూళ్లకు వెళ్లేవారితో కిక్కిరిసిన ‘రామ్‌దాస్’ అనే ఆవిరి ఓడ ఉదయం 8 గంటలకు భావుచా ధక్కా నుంచి రేవస్‌కు బయలుదేరింది. వర్షాకాలం. సముద్రం పోటుమీద ఉంది. గంట కూడా గడవకముందే కాశా అనే రాతి దిబ్బ సమీపంలో పెద్ద అల తాకి ఓడ ఒక పక్కకు వాలింది. భయపడిన జనమంతా ఒక వైపుకు చేరడంతో బోల్తా పడింది. 600 మందికి పైగా మరణించారు. స్వాతంత్య్రం రావడానికి సరిగ్గా 29 రోజుల ముందు జరిగిన ఈ దుర్ఘటన, ఆనాటి రాజకీయ సంచలనాల నడుమ దేశంలోని ఇతర ప్రాంతాలవారికి అంతగా తెలియకుండా పోయింది.

ఓడలో వైర్‌లెస్ లేదు. మునిగిన సంగతి ఒడ్డుకు ఈదుకుంటూ చేరినవారు చెబితే తప్ప నగరానికి తెలియలేదు. బజారుకు చేపలు తీసుకువెళ్తున్న రేవస్ జాలరులు తమ చేపలను సముద్రంలో పారబోసి, ఆ పడవలలోకి మనుషులను ఎక్కించుకున్నారని చెబుతారు. రామ్‌దాస్ మునిగిన చోటు నడి సముద్రమేమీ కాదు. రెండు ఒడ్లూ కనిపించే దూరమే.

పడవ ఎందుకు బోల్తా పడుతుంది?

గడ్డి బండిని చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. బరువు కింద ఉన్నంతసేపు బండి గుంటలో పడినా నిలదొక్కుకుంటుంది. గడ్డి ఎత్తుగా పేర్చినకొద్దీ చిన్న వాలుకే ఒరుగుతుంది. లాంచీ కూడా అంతే. పడవ పక్కకు వాలినప్పుడు ఆ వైపు నీటిలో మునిగిన భాగం పెరిగి, నీరు దానిని పైకి తోస్తుంది. అందువల్ల పడవ తిరిగి నిటారుగా నిలుస్తుంది. మనుషుల బరువు అడుగు అంతస్తులో ఉంటే ఈ తోపు చాలు. పై అంతస్తులో జనం పెరిగితే బరువు కేంద్రం పైకి పోయి, వాలిన పడవను వెనక్కు లాగే బలం తగ్గిపోతుంది. ఆ సమయంలో అందరూ ఒకే పక్కకు పరుగెత్తితే ఇక తిరిగి లేవదు.

ఎలిఫెంటా లాంచీలలో పై అంతస్తుకు వెళ్లడానికి వేరుగా కొంత సొమ్ము తీసుకుంటారు. గాలి, దృశ్యం బాగుంటాయని అందరికీ అక్కడే కూర్చోవాలని ఉంటుంది. శీతాకాలంలో సముద్రపు పక్షులు గుంపులుగా లాంచీ వెంట ఎగురుతుంటే వాటికి తినుబండారాలు విసరడానికి జనమంతా ఒక అంచుకు చేరడం, యుద్ధనౌక కనిపిస్తే ఫోటోల కోసం మరో అంచుకు ఉరకడం నిత్యం జరిగేవే. సిబ్బంది కేకలు వేసి కూర్చోమంటే విసుక్కుంటారు. ఆ కేకల వెనుక ఉన్న లెక్క ఇదే. అనుమతించిన సంఖ్యకు మించి ఎక్కించుకున్న లాంచీలో ఈ పరుగులు మరింత ప్రమాదకరం. పడవ నీటిలోకి అదనంగా దిగి ఉంటుంది కనుక కొద్దిగా ఒరిగినా అంచు మీదుగా నీరు లోపలికి వస్తుంది.

ఇటువంటి పాఠాలను తెలుగు నేల సైతం కన్నీటితోనే నేర్చుకుంది. విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం వద్ద రేవును ‘ఫెర్రీ’ అనే పిలుస్తారు. ఆంగ్లపు మాటే ఊరి పేరైపోయింది. అక్కడికి సమీపంలో పవిత్ర సంగమం వద్ద 2017 నవంబరు 12న అనుమతి లేని బోటు బోల్తా పడి 20 మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద ‘రాయల్ వశిష్ట’ మునిగింది. నదీగర్భం నుంచి ఆ బోటును వెలికితీయడానికి అక్టోబరు 22 వరకు సమయం పట్టింది. రాంగోపాల్‌పేట్ వాసులకైతే ఇంటి ముంగిటి ఉదాహరణే ఉంది. 1990 మార్చి 10న బుద్ధ విగ్రహాన్ని తీసుకువెళ్తున్న బార్జి హుస్సేన్‌సాగర్‌లో ఒరిగిపోయి పలువురు ప్రాణాలు కోల్పోయారు. విగ్రహం 1992 డిసెంబరు 1న గానీ పైకి రాలేదు. అలలు లేని చెరువులోనే బరువు ఒక పక్కకు జరిగితే జరిగినది అది.

ఆటుపోట్లతో పేచీ

విశాఖ, కాకినాడ తీరాలు చూసినవారికి ముంబయిలో వింతగా తోచేది నీటిమట్టం. తూర్పు తీరాన పోటుకూ ఆటుకూ తేడా స్వల్పం. ముంబయిలో అమావాస్య, పౌర్ణమి రోజులలో ఇది నాలుగైదు మీటర్ల వరకు ఉంటుంది. ఒకటిన్నర అంతస్తు ఎత్తు అన్నమాట. ఉదయం లాంచీ ఎక్కినప్పుడు నీటికి దగ్గరగా ఉన్న మెట్టు, తిరిగి వచ్చేసరికి ఎక్కడో పైన ఉండవచ్చు. లేదా అసలు కనిపించకపోవచ్చు. గేట్‌వే వద్ద తడిసిన కింది మెట్లపై నాచు పట్టి జారుతుంది. ఒక లాంచీ నుంచి మరో లాంచీలోకి దాటి ఎక్కవలసి రావడమూ సాధారణమే. చీర కుచ్చిళ్లు, పంచె అంచులు పైకి దోపుకోవడం, చేతిలో సంచులు లేకుండా చూసుకోవడం మంచిది. వృద్ధులతో వెళ్లేవారు పోటు సమయాన్ని ముందే కనుక్కుంటే దిగడం సులువవుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. మరునాడు అవి దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి.

మోరా రేవుకు వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం. అక్కడ పూడిక మేట వేసినందున ఆటు బాగా లాగినప్పుడు లాంచీలు గట్టు చేరలేవు. ఆ కొన్ని గంటలు రాకపోకలు ఆగిపోతాయి. ఉరణ్‌లో పనిచేసేవారు రైలు వేళల వలె ఆటుపోట్ల పట్టికను చూసుకుంటారు.

వర్షాకాలంలో గేట్‌వే నుంచి మాండ్వాకు సాధారణ లాంచీలను జూన్ నుంచి సుమారు ఆగస్టు చివరి వరకు నిలిపివేస్తారు. మిగతా మార్గాలలో సైతం సముద్రం ఉగ్రంగా ఉన్ననాడు సేవలు రద్దవుతుంటాయి. ఆ సమయంలో ముంబయికి వెళ్లేవారు ఎలిఫెంటా మీదే ఆశ పెట్టుకుని వెళ్లకపోవడం ఉత్తమం. ఒక లాంచీ వద్దన్నప్పుడు మరొకరెవరో ఎక్కువ సొమ్ముకు తీసుకువెళ్తామంటే నమ్మరాదు.

ఎక్కే ముందు చూడవలసినవి

లాంచీలకు అనుమతులు ఇచ్చేది మహారాష్ట్ర మారిటైమ్ బోర్డు. ఎంతమందికి అనుమతి ఉన్నదీ లాంచీపై రాసి ఉండాలి. ఆ అంకె కోసం వెతకడం నామోషీ కాదు. టికెట్టును కౌంటరులోనే తీసుకోవాలి. గట్టు మీద తిరిగే దళారీల నుంచి కొన్నది తిరుగు ప్రయాణంలో చెల్లకపోతే అడిగే దిక్కు ఉండదు. జనం నిండిన లాంచీ కదలబోతుంటే పరుగెత్తి ఎక్కడం కంటే తరువాతి దానికి ఆగడం మేలు. పగటిపూట వరుసగా లాంచీలు ఉంటాయి.

లైఫ్ జాకెట్ కూర్చోగానే తొడుక్కోవాలి. ఒళ్లో పెట్టుకుంటే ప్రయోజనం లేదు. ఛాతీపై పట్టీలు బిగించి కట్టకపోతే నీటిలో పడినప్పుడు జాకెట్ పైకి జారి తల మీదుగా ఊడిపోతుంది. పెద్దవారి జాకెట్ పిల్లలకు తొడిగితే ఇదే జరుగుతుంది కనుక పిల్లల కొలత అడిగి తీసుకోవాలి. చంటిబిడ్డను కొంగుతో నడుముకు కట్టుకోవడం ప్రమాదకరం. కూర్చున్న చోటు నుంచి బయటకు దారి ఎటో ఒకసారి చూసుకోవాలి. అద్దాలు మూసిన అడుగు గదిలో అందరూ నిద్రపోయే ప్రయాణం కాదిది.

ఎలిఫెంటాలో...

గేట్‌వే నుంచి ఎలిఫెంటాకు సుమారు పది కిలోమీటర్లు, గంట ప్రయాణం. దారిలో చమురు ఓడలు నిలిచే జవహర్ ద్వీపం కనిపిస్తుంది. దీవి అసలు పేరు ఘారాపురి. పోర్చుగీసువారు ఇక్కడి రాతి ఏనుగును చూసి ఎలిఫెంటా అన్నారు. ఆ ఏనుగు ఇప్పుడు దీవిలో లేదు, ముంబయి బైకలా జిజామాతా ఉద్యానంలో ఉంది. మూడు ముఖాల సదాశివమూర్తి ఉన్న గుహలను యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. నగరానికి ఇంత చేరువలో ఉన్నా ఘారాపురి పల్లెలకు తీగల కరెంటు 2018లో గానీ రాలేదు. సముద్రం అడుగున ఏడున్నర కిలోమీటర్ల కేబుల్ వేసి తెచ్చారు.

ముంబయి నుంచి ఆవలి ఒడ్డుకు 2024 జనవరి 12న 21.8 కిలోమీటర్ల అటల్ సేతు ప్రారంభమైంది. ఉరణ్ వైపు వెళ్లేవారికి రోడ్డు దారి సులువైంది. ఎలిఫెంటాకు మాత్రం వంతెన లేదు, లాంచీయే గతి. జెట్టీ నుంచి గట్టు వరకు పిల్లల రైలు ఉంది. ఆపై గుహల వరకు మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి డోలీలు దొరుకుతాయి. సోమవారం గుహలు మూసి ఉంటాయి. శని, ఆదివారాలలో రద్దీ అధికం కనుక మంగళవారం నుంచి శుక్రవారం లోపు, అదీ ఉదయం తొలి లాంచీలలో వెళ్లినవారు ఎండ ముదరకముందే చూసి రాగలుగుతారు. యాత్రికులు రాత్రి దీవిలో ఉండటానికి వీల్లేదు. సాయంత్రం చివరి లాంచీకే అందరూ ఎగబడతారు. కాబట్టి దానికి ముందు రెండు లాంచీలు ఉండగానే జెట్టీ వద్దకు చేరుకోవాలి. టికెట్టులో తిరుగు ప్రయాణపు ముక్కను అడుగుతారు, చించి పారేయకూడదు.